బైపాస్‌కు చేతి ధమని తీయాల్సి వస్తే: పెద్ద కోతా, కీహోలా?

మా నాన్నకు బైపాస్ చేయాలని చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ డాక్టరు గారిని అడిగిన ప్రశ్నలన్నీ గుండె గురించే. ఎన్ని బ్లాకులు, ఎన్ని గంటలు పడుతుంది, ఐసీయూలో ఎన్ని రోజులు. గుండెకు వేసే కొత్త నాళం ఎక్కడి నుంచి తెస్తారు, దాన్ని ఎలా తీస్తారు అని ఒక్కరం కూడా అడగలేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఛాతీ మీది గాయం అనుకున్న టైముకే మానింది. కాలి గాయం మాత్రం మొండికేసింది. చీలమండ నుంచి తొడ దాకా పెట్టిన కోతలో మోకాలి కింద ఒకచోట చీము పట్టింది. ఆయనకు షుగర్ కూడా ఉంది. రెండు నెలలు రోజూ డ్రెస్సింగ్. గుండె బాగుపడిందని సంతోషించే తీరిక కూడా లేకుండా ఆ రెండు నెలలూ కాలితోనే గడిచిపోయాయి.

నాలుగేళ్ల తర్వాత మా పెదనాన్న కొడుక్కి అదే ఆపరేషన్. అప్పటికి ఏం అడగాలో నాకు తెలిసింది. అన్నయ్యకు ఎడమ ముంజేతిలోని ధమనిని కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న కోతలోంచి పంపే కెమెరా గొట్టమైన ఎండోస్కోప్‌తో తీశారు. మణికట్టు దగ్గర ఒక చిన్న గీత, మోచేతి దగ్గర చుక్కంత మచ్చ. ఇప్పుడు వెతికితే గానీ కనిపించవు.

ఈ రెండు అనుభవాలు పక్కపక్కన పెట్టి చూస్తే కీహోలే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. చాలావరకు నిజమే. కానీ నాన్నకూ అన్నయ్యకూ మధ్య తేడా కోత ఒక్కటే కాదు, తీసిన నాళమే వేరు. ఒకరిది కాలి సిర, మరొకరిది చేతి ధమని. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఏ నాళం అన్నది. దాన్ని ఎలా తీస్తారు, ఎవరు తీస్తారు అన్నవి ఆ తర్వాత. చాలా ఇళ్లలో మచ్చ గురించి మొదలుపెట్టి నాళం దాకా వెళ్లకుండానే ఆగిపోతారు. మచ్చ కనిపించేది మనకి. నాళం పని చేయాల్సింది గుండెలో, పదేళ్లు, ఇరవయ్యేళ్లు.

"నరం తీస్తే చెయ్యి పడిపోదా?"

అన్నయ్య విషయంలో మా పెద్దమ్మ మొదట అడిగిన ప్రశ్న ఇదే. ఆవిడ భయంలో తప్పేం లేదు, చిక్కంతా మన మాటలో ఉంది. "కాలి నరం తీసి గుండెకు వేశారు" అంటాం. పక్షవాతం వచ్చినా "నరాలు దెబ్బతిన్నాయి" అంటాం. మన నోట రెండూ నరాలే. ఒంట్లో మాత్రం ఇవి వేరు వేరు. గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లేది ధమని, తిరిగి గుండెకు తెచ్చేది సిర. స్పర్శనీ కదలికనీ మోసేది నాడి. బైపాస్‌కు తీసేది ధమనినో సిరనో. నాడిని ఎవరూ తీయరు.

మరి చేతి ధమని తీసేస్తే చేతికి రక్తం ఎలా అందుతుంది? మోచేతి కింద నుంచి అరచేతికి రెండు ధమనులు దిగుతాయి. బొటనవేలి వైపుది రేడియల్ ఆర్టరీ. చెయ్యి పట్టుకుని నాడి (పల్స్) చూసేటప్పుడు వేళ్ల కింద కొట్టుకునేది అదే. చిటికెనవేలి వైపుది అల్నార్ ఆర్టరీ. అరచేతిలో ఈ రెండూ ఒక విల్లులా కలిసి ఉంటాయి. ఆ విల్లు నిండుగా ఉన్నవాళ్లలో ఒక ధమని తీసేసినా రెండోది చేతి మొత్తానికీ రక్తం అందిస్తుంది. కొందరిలో ఆ విల్లు పూర్తిగా ఉండదు. వాళ్ల చేతి ధమనిని ముట్టుకోకూడదు. అందుకే ముందు పరీక్ష చేస్తారు. దాని గురించి కింద చెబుతాను.

ముందు నాళం సంగతి

గుండె మీద ముందువైపు కిందికి దిగే పెద్ద ధమనికి దాదాపు అందరు సర్జన్లూ వాడేది ఛాతీ గోడ లోపలి ధమనినే. దీన్ని మామరీ ఆర్టరీ అంటారు, ఎడమవైపుదాన్ని ఆపరేషన్ థియేటర్లో లీమా అని పిలుస్తారు. పై కొసను అలాగే ఉంచి, కింది కొసను మాత్రం కోసి, బ్లాక్ దాటాక గుండె ధమనికి కుడతారు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో కోలెసోవ్ అనే సర్జన్ ఈ కుట్టు వేశారు. 1967లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఫావలోరో కాలి సిరతో బైపాస్ మొదలుపెట్టాక ప్రపంచమంతా సిర వైపే మొగ్గింది, ఎందుకంటే అది సులువుగా దొరుకుతుంది, పొడుగ్గా ఉంటుంది, త్వరగా తీయొచ్చు. 1986లో అదే క్లీవ్‌లాండ్ నుంచి పదేళ్ల లెక్కలు వచ్చాయి. మామరీ వేయించుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని తేలింది. అప్పటి నుంచి ఆ మొదటి గ్రాఫ్ట్ (బైపాస్‌కు కుట్టే నాళం) విషయంలో పెద్దగా వాదన లేదు. పదేళ్ల తర్వాత చూస్తే మామరీ గ్రాఫ్టుల్లో పదికి తొమ్మిదికి పైగా తెరిచే ఉంటాయి. కాలి సిరల్లో దాదాపు సగం మూసుకుపోతాయి.

ఎందుకింత తేడా? సిర పుట్టింది తక్కువ ఒత్తిడిలో రక్తాన్ని మోయడానికి. దాన్ని తెచ్చి ధమని స్థానంలో పెడితే, గుండె కొట్టే ప్రతి దెబ్బకీ లోపలి పొర మందమవుతూ పోతుంది, దాని మీద కొవ్వు పేరుకుంటుంది. ధమనికి ఆ ఒత్తిడి పుట్టుకతోనే అలవాటు.

అసలు ఎంచుకోవాల్సింది రెండో గ్రాఫ్ట్ దగ్గర. లీమా ఒకచోటికి సరిపోతుంది. మిగతా బ్లాకులకు ఏం వేస్తారు? కాలి సిరా, చేతి ధమనా, లేక కుడివైపు మామరీనా?

చేతి ధమని కథ నాకు చాలా ఇష్టం. 1970ల మొదట్లో ఫ్రాన్స్‌లో కార్పాంతియే దీన్ని వాడటం మొదలుపెట్టారు. కొన్నాళ్లకే చాలా గ్రాఫ్టులు బిగుసుకుపోయి మూసుకుపోవడంతో ఆయనే వద్దనేశారు. చాలా ఏళ్ల తర్వాత, ఎప్పుడో మూసుకుపోయి ఉంటుందనుకున్న అలాంటి గ్రాఫ్ట్ ఒకటి యాంజియోలో శుభ్రంగా తెరిచి కనిపించింది. దాంతో ఆ బృందమే మళ్లీ ఆలోచనలో పడింది. 1992లో అకార్, ఆయన సహచరులు చేతి ధమనిని తిరిగి రంగంలోకి తెచ్చారు. ఈసారి మారినవి రెండు. ధమనిని సాగదీయకుండా, చుట్టూ ఉన్న కొవ్వుతో, పక్క సిరలతో సహా మెత్తగా తీయడం ఒకటి. అది బిగుసుకుపోకుండా మందులు వాడటం రెండోది. చేతి ధమని గోడలో కండరం ఎక్కువ కాబట్టి కొంచెం మొరటుగా ముట్టుకున్నా ముడుచుకుంటుంది. ఈ ఒక్క గుణం గుర్తుపెట్టుకుంటే పెద్ద కోత, కీహోల్ పోలిక మొత్తం అర్థమవుతుంది.

2018లో ఆరు అధ్యయనాల్లోని 1036 మంది వివరాలు కలిపి లెక్క తీశారు. రెండో గ్రాఫ్ట్‌గా చేతి ధమని వేసినవాళ్లలో, కాలి సిర వేసినవాళ్లతో పోలిస్తే, అయిదేళ్లలో మరణం, గుండెపోటు, మళ్లీ స్టెంటో ఆపరేషనో అవసరం కావడం అన్నీ కలిపి సుమారు మూడో వంతు తగ్గాయి. మరణాలను విడిగా చూస్తే ఆ అయిదేళ్లలో స్పష్టమైన తేడా రాలేదు. తగ్గినవి ముఖ్యంగా గుండెపోట్లు, మళ్లీ చేయాల్సిన చికిత్సలు. 75 ఏళ్లలోపు వాళ్లకు, ఆడవాళ్లకు, కిడ్నీలు బాగున్నవాళ్లకు లాభం ఎక్కువగా కనిపించింది. 2021 నాటి అమెరికన్ మార్గదర్శకాలు కూడా గట్టి బ్లాక్ ఉన్న రెండో ముఖ్యమైన ధమనికి కాలి సిర కన్నా చేతి ధమనికే ప్రాధాన్యం ఇమ్మంటున్నాయి.

కుడి మామరీ కూడా మంచి నాళమే. కానీ రెండు మామరీలూ తీస్తే రొమ్ము ఎముకకు రక్తం తగ్గి, గాయం మానడంలో ఇబ్బంది పెరుగుతుంది. 3102 మందితో చేసిన ఆర్ట్ అధ్యయనంలో ఒక మామరీ వేసినవాళ్లకూ రెండు వేసినవాళ్లకూ పదేళ్ల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఛాతీ గాయం సమస్యలు మాత్రం రెండు తీసినవాళ్లలో ఎక్కువ. బాగా షుగర్, ఊబకాయం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల విషయంలో నేనైతే చేతి ధమని గురించే ముందు అడుగుతాను.

పెద్ద కోత పద్ధతి

మణికట్టు పైనుంచి మోచేతికి కాస్త కింద దాకా ముంజేతి మీద కోత పెడతారు. చర్మం, దాని కింది పొర తెరిచి, కండరాలను పక్కకు జరిపి, ధమనిని కళ్లారా చూస్తూ తీస్తారు. దాని నుంచి పక్కలకు వెళ్లే చిన్న కొమ్మలను ఒక్కొక్కటిగా క్లిప్పు పెట్టో, అల్ట్రాసౌండ్ కత్తితోనో మూసేస్తారు. ధమని పొడవు సుమారు 18 నుంచి 22 సెంటీమీటర్లు వస్తుంది.

దీనికి ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు. ఎక్కడైనా రక్తం కారితే వెంటనే కనిపిస్తుంది, ఆపడం సులువు. ధమనిని లాగాల్సిన పని ఉండదు. నాళం నాణ్యత పరంగా అనుభవం ఉన్న చేతుల్లో ఇది నమ్మదగిన పద్ధతి. దీన్ని పాత పద్ధతి అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇబ్బందులన్నీ తర్వాత చేతికే. పొడుగాటి మచ్చ. నొప్పి. ఇంకా ముఖ్యంగా, బొటనవేలి మొదట్లో, అరచేతి వెనక, ముంజేతి పక్కన మొద్దుబారినట్టు, చీమలు పాకినట్టు ఉండటం. ఆ దారిలోనే చర్మానికి స్పర్శనిచ్చే రెండు సన్నని నాడులు ఉంటాయి. కోతలో అవి కాస్త నలిగినా, సాగినా ఈ తిమ్మిరి వస్తుంది. పట్టు బలం సాధారణంగా తగ్గదు. తిమ్మిరి చాలామందికి వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది, కొద్దిమందికి కొంత మిగిలిపోతుంది.

కీహోల్ పద్ధతి

మణికట్టు దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోత ఒక్కటే ప్రధానం. చాలాచోట్ల పైచేతికి గట్టిగా పట్టీ బిగించి కాసేపు రక్తాన్ని ఆపుతారు, లోపల చూపు శుభ్రంగా ఉండాలని. కోతలోంచి కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ధమని వెంబడే ఒక సొరంగంలా దారి చేస్తారు. తెర మీద చూస్తూ కొమ్మలను వేడితోనో అల్ట్రాసౌండ్‌తోనో మూస్తూ మోచేతి దాకా వెళ్తారు. పై కొసను మోచేతి దగ్గర మరో చిన్న కోత పెట్టి కడతారు. కొందరు ఆ రెండో కోత కూడా లేకుండా లోపలి నుంచే పని పూర్తి చేస్తారు.

లాభం గాయం దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ తక్కువ, నొప్పి తక్కువ, తిమ్మిరి తక్కువ, చేతి తీరు చూసుకుని తృప్తి పడేవాళ్లు ఎక్కువ. పోల్చి చూసిన అధ్యయనాలన్నీ ఇంచుమించు ఈ మాటే చెబుతాయి. అన్నయ్య మూడో రోజుకే ఎడమచేత్తో గ్లాసు పట్టుకున్నాడు. ఛాతీ నొప్పి ఉన్నవాడికి చేతులైనా హాయిగా ఉంటే ఎంత ధైర్యంగా ఉంటుందో అప్పుడు చూశాను.

గ్రాఫ్ట్ తెరిచి ఉండే విషయంలో ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో రెండు పద్ధతులూ సమానంగానే నిలిచాయి. కానీ ఆ అధ్యయనాలు కాలి సిర మీద జరిగినవాటిలా వేలమందితో చేసినవి కావు. అందుకే కీహోల్‌లో జాగ్రత్తపడాల్సినవేంటో తెలిసి ఉండాలి. ఇరుకైన సొరంగంలో పని కాబట్టి ధమనిని లాగే ప్రమాదం ఉంది. కొమ్మను మూసే వేడి ప్రధాన నాళానికి మరీ దగ్గరైతే లోపలి పొర కాలొచ్చు. ముట్టుకుంటే ముడుచుకునే ధమనికి ఈ రెండూ పడవు. సొరంగంలో రక్తం గడ్డకట్టి చెయ్యి కమిలిపోవచ్చు. పని సాగకపోతే మధ్యలో పెద్ద కోతకు మారాల్సి రావచ్చు. అలా మారారంటే అది ఓటమి కాదు, నాళాన్ని కాపాడినట్టే.

కాలి సిర నేర్పిన పాఠం

చేతి ధమని కోసం వెతుకుతున్నవాళ్లు కూడా ఈ భాగం చదవాలి. కీహోల్ విషయంలో అసలు తేడా పడేది ఎక్కడో కాలి సిర దగ్గరే తెలిసింది.

కాలి సిరను ఎండోస్కోప్‌తో తీయడం 1990ల నుంచి పెరిగింది. గాయం బాగా మానుతుంది కాబట్టి అందరికీ నచ్చింది. 2009లో మాత్రం కలవరపెట్టే లెక్క ఒకటి వచ్చింది. వేరే పని మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలోని వివరాలు తీసి చూస్తే, ఏడాది, ఏడాదిన్నర తర్వాత సిర గ్రాఫ్టులు పాడైనవాళ్లు ఎండోస్కోప్ వాడినచోట 46.7 శాతం, పెద్ద కోత పెట్టినచోట 38 శాతం. మూడేళ్లకు గుండెపోట్లు, మరణాలు కూడా ఎక్కువే. అందం కోసం గుండెను పణంగా పెట్టామా అన్న ప్రశ్న వచ్చింది.

దానికి గట్టి జవాబు 2019లో వచ్చిన రీగ్రూప్ అధ్యయనం. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 16, రోగులు 1150 మంది. ఎవరికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. దాదాపు మూడేళ్లు గమనిస్తే మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స కలిపి ఎండోస్కోప్ వైపు 13.9 శాతం, పెద్ద కోత వైపు 15.5 శాతం. అంటే లెక్కలోకి వచ్చే తేడా లేదు. కాలి గాయంలో ఇన్ఫెక్షన్ ఇటు 1.4 శాతం, అటు 3.1 శాతం.

పరికరం దాదాపు అదే అయినప్పుడు ఫలితం ఇంతలా ఎందుకు మారింది? నా దృష్టిలో జవాబు ఆ అధ్యయనం నియమాల్లోనే ఉంది. అందులో సిర తీసినవాళ్లు అంతకుముందే వందకు పైగా ఎండోస్కోప్ కేసులు చేసి ఉండాలి. మధ్యలో పెద్ద కోతకు మారాల్సి వచ్చినవి వాళ్ల చేతిలో 5 శాతం లోపే ఉండాలి. అంటే అక్కడ పోల్చింది చేయి తిరిగినవాళ్ల కీహోల్‌ని. నేర్చుకుంటున్న చేతిలో కీహోల్ కన్నా, చేయి తిరిగిన సర్జన్ పెట్టే పెద్ద కోత మంచిది. నాకు ఇందులో సందేహం లేదు.

కాలి సిరకు మూడో దారి కూడా ఉంది. చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, అసలు ముట్టుకోకుండా తీసే నో టచ్ పద్ధతి. స్వీడన్‌లో సౌజా మొదలుపెట్టారు. గ్రాఫ్ట్ మన్నిక మీద అధ్యయనాలు రెండు రకాలుగా చెబుతున్నాయి, కాలి గాయం ఇబ్బంది మాత్రం ఎక్కువే. నాన్నలాంటి షుగర్ మనిషికి నేను దీన్ని కోరుకోను.

మామరీ ధమనిని కూడా రొమ్ము ఎముక కోయకుండా, పక్కటెముకల మధ్య చిన్న కోతతోనో రోబో సాయంతోనో తీసే పద్ధతులున్నాయి. అవి ముఖ్యంగా ముందువైపు ధమని ఒక్కదానికే బైపాస్ చాలినవాళ్లకు, లేదా మిగతావాటికి స్టెంట్ వేయడానికి వీలున్నవాళ్లకు. మూడు నాలుగు బ్లాకులున్న చాలామందికి ఛాతీ తెరిచే ఆపరేషనే చేస్తారు. ఛాతీ తెరుస్తున్నారు కదా, చేతికి కీహోల్ ఎందుకులే అనుకోవద్దు. ఒంటి మీద ఒక పెద్ద గాయం ఉన్నప్పుడే రెండోది చిన్నదైతే ఎంతో ఊరట.

ఎవరి చెయ్యి పనికొస్తుంది, ఎవరిది రాదు

మంచం పక్కనే చేసే అలెన్ పరీక్షతో మొదలవుతుంది. పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర రెండు ధమనులనూ నొక్కిపట్టి, చెయ్యి తెరవమంటారు. అరచెయ్యి తెల్లగా పాలిపోయి ఉంటుంది. చిటికెనవేలి వైపు నొక్కు వదిలితే కొన్ని సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. ఇది మంచి మొదటి మెట్టు. దీని మీదే ఆగకుండా రక్తం నడకను చూపే డాప్లర్ స్కాన్ కూడా చేయించడం మేలు. ధమని ఎంత వెడల్పుంది, గోడలో సున్నం పేరుకుందా, అల్నార్ ఒక్కటే చేతిని మోయగలదా అన్నవి అందులో కనిపిస్తాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో ఈ సున్నం ఎక్కువగా కనిపిస్తుంటుంది.

కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ వైపు వెళ్తున్నవాళ్ల చేతి ధమనిని తీయకూడదు. రేపు డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా వేయాల్సి వస్తే ఆ ధమనే కావాలి. చలికి వేళ్లు తెల్లబడి నీలమయ్యే రేనాడ్ జబ్బు, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా, ఆ చేతికి పాత పెద్ద గాయం, ఇవి ఉన్నా వద్దు.

అందరికీ గట్టిగా చెప్పాలనుకునేది యాంజియో గురించి. ఈ రోజుల్లో యాంజియోగ్రామ్ ఎక్కువగా మణికట్టు నుంచే చేస్తున్నారు. అలా గొట్టం దూర్చిన ధమని లోపలి పొర గీసుకుపోతుంది. తర్వాత దాన్ని గ్రాఫ్ట్‌గా వాడకపోవడమే మంచిదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. బైపాస్ దాకా వెళ్లొచ్చన్న అనుమానం ముందే ఉంటే, ఏ చేతి నుంచి యాంజియో చేస్తున్నారో అడగండి. సాధారణంగా గ్రాఫ్ట్ కోసం తీసేది ఎక్కువ వాడని చేతిదే, అంటే కుడిచేతివాటం వాళ్లకు ఎడమది. ఆ చేతిని విడిచిపెట్టమని ముందే చెప్పొచ్చు. వేళ్లతో సున్నితమైన పని చేసి బతికేవాళ్లు, వాద్యం వాయించేవాళ్లు ఆ సంగతి సర్జన్‌కు తప్పకుండా చెప్పాలి.

ఇంకోటి గుండె వైపు నుంచి చూడాలి. బ్లాక్ తక్కువగా ఉంటే చేతి ధమని పనికిరాదు. పక్కనే పాత కాలువ నిండుగా పారుతుంటే కొత్త కాలువలోకి నీరు రానట్టే, సొంత ధమనిలో రక్తం బాగా నడుస్తుంటే గ్రాఫ్ట్‌లో ప్రవాహం తగ్గుతుంది. చేతి ధమని అప్పుడు దారంలా ముడుచుకుపోతుంది. అందుకే ఎడమవైపు ధమనుల్లో 70 శాతానికి పైగా, కుడివైపు ధమనిలో 90 శాతం దాకా బ్లాక్ ఉన్నచోటే దీన్ని వేస్తారు. మీ యాంజియో రిపోర్టులో ఈ అంకెలు ఉంటాయి. చూసి అడగొచ్చు.

నేనైతే ఎలా ఎంచుకుంటాను

వయసు అరవైలోపు, కిడ్నీలు బాగున్నాయి, రెండో ధమనిలో గట్టి బ్లాక్, చేతి పరీక్షలు బాగున్నాయి. ఇలాంటి మనిషికి లీమాతో పాటు చేతి ధమని కావాలని గట్టిగా అడుగుతాను. ఆ ఆసుపత్రిలో కీహోల్ రోజూ చేస్తుంటే కీహోల్. ఎప్పుడో ఒకటి చేస్తారంటే పెద్ద కోతకే ఒప్పుకుంటాను. ముందున్న ముప్పయ్యేళ్లతో పోలిస్తే ముంజేతి మచ్చ ఎంత?

షుగర్ ఎక్కువ, ఒళ్లు బరువు, కాళ్లలో రక్తప్రసరణ అంతంతమాత్రం. ఈ మనిషికి పెద్ద కోత కాలి మీద పడటమే అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. చేతి ధమని కుదిరితే అది, కుదరకపోతే కాలి సిరనైనా కీహోల్‌లో తీసే చోటు వెతకడం విలువైన పని. నాన్న విషయంలో మేం చేయాల్సింది ఇదే.

డెబ్బై అయిదు దాటి, వేరే జబ్బులు కూడా ఉన్నవాళ్లకు చేతి ధమని వల్ల వచ్చే అదనపు లాభం తక్కువ. లీమా, దానికి తోడు కీహోల్‌లో తీసిన కాలి సిర చక్కగా సరిపోతాయి. గాయం త్వరగా మాని లేచి నడవడమే వాళ్లకు పెద్ద మేలు.

గుండెపోటు మధ్యలో, బీపీ పడిపోతూ థియేటర్‌కు వెళ్లే మనిషికి ఈ చర్చే వద్దు. త్వరగా దొరికేది కాలి సిర. ఏది తొందరగా అవుతుందో అదే సరైనది. అక్కడ సర్జన్‌ని ప్రశ్నలతో ఆపకండి.

సర్జన్‌ని ఏం అడగాలి

ప్రశ్నల కాగితం తీసుకెళ్తే డాక్టరు గారు ఏమనుకుంటారో అని జంకుతాం. అన్నయ్య సర్జన్ ఆ కాగితం చూసి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. మొదటి ప్రశ్న, లీమా కాక మిగతా గ్రాఫ్టులు ఏవి, ఎందుకు. రెండోది, నాళాన్ని ఎవరు తీస్తారు. చాలామందికి తెలియని సంగతి ఇది. సర్జన్ ఛాతీ దగ్గర పనిలో ఉండగా, చేతి దగ్గరో కాలి దగ్గరో నాళం తీసేది చాలాచోట్ల సహాయక సర్జన్ లేదా శిక్షణ పొందిన అసిస్టెంట్. కాబట్టి ఎన్ని కేసులు చేశారు, పెద్ద కోతకు ఎన్నిసార్లు మారాల్సి వచ్చింది అన్నవి ఆ మనిషి గురించి అడగాలి. అలా మారిందే లేదంటే చేసినవి మరీ తక్కువ కేసులై ఉండొచ్చు, కాస్త ఆగి ఆలోచించండి. ఇంకా, కీహోల్ కుదరకపోతే ఏం చేస్తారు, ధమని బాగోలేదని తేలితే రెండో ఏర్పాటు ఏమిటి. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం చేసే అంగీకార పత్రంలో చెయ్యి, కాలు రెండూ రాసి ఉంటే కంగారు పడొద్దు. అది ఆ రెండో ఏర్పాటు కోసమే.

చెయ్యి ఇంటికొచ్చాక

మొదటి రోజుల్లో చేతిని దిండు మీద ఎత్తుగా పెట్టి, వేళ్లు తరచుగా ముడిచి తెరుస్తుండాలి. వాపు త్వరగా దిగుతుంది. కీహోల్ అయినా కొంచెం కమలడం, నీలం మచ్చలు మామూలే. వేళ్లు చల్లబడి తెల్లగానో నీలంగానో మారినా, ముంజెయ్యి రాయిలా బిగిసి నొప్పి పెరుగుతున్నా, చీము, జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చేతి ధమని వేయించుకున్నవాళ్లకు అది బిగుసుకోకుండా డిల్టియాజెమ్, అమ్లోడిపిన్ లాంటి మందు ఒకటి ఇస్తారు, సాధారణంగా ఏడాది పాటు. ఇది బీపీ మాత్రల వర్గంలోదే. బీపీ మామూలుగా ఉంది కదా అని ఇంట్లోవాళ్లు ఆపేయడం నేను చూశాను. ఆ మాత్ర బీపీ కోసం కాదు, కొత్త ధమని కోసం. డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందులు కూడా అంతే. సిగరెట్ అన్న మాట మాత్రం మళ్లీ వినిపించకూడదు, ఏ నాళం వేసినా సరే.

ఆపరేషన్‌కు ముందు రోజులకు సంబంధించిన ఒక సంగతి చెప్పి ఆపుతాను. ఏ చేతి ధమని తీస్తారో తేలాక ఆ చేతికి రక్తపరీక్ష సూది గానీ, సెలైన్ కాన్యులా గానీ పెట్టించుకోకూడదు. వార్డులో షిఫ్టులు మారుతుంటాయి, కొత్తగా వచ్చిన నర్సుకు ఆ విషయం తెలియకపోవచ్చు. అన్నయ్య ఎడమ ముంజేతి మీద వదిన స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో "ఈ చేతికి సూది వద్దు" అని రాసింది. తెల్లవారుజామున రక్తం తీయడానికి వచ్చిన అమ్మాయి అది చదివి, మంచం చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్లింది.